అమరంలో కన్నం: ఓడ ఇరుసు, నీటిబొట్టు, తెగని పేచీ

నీటిని బయట ఉంచడం ఓడ కట్టేవాడి మొదటి బాధ్యత. వేల ఏళ్ళపాటు ఆ వృత్తిలోని నైపుణ్యంలో పెద్ద భాగం ఈ ఒక్క పనికే ఖర్చయింది. పలకకూ పలకకూ మధ్య నార కూరడం, దాని మీద తారో గుగ్గిలమో పూయడం, ఏడాదికోసారి ఒడ్డుకు లాగి సందులన్నీ మళ్ళీ తడిమి చూడడం ఆ పనిలో భాగాలే. కోరంగిలోనూ తాళ్ళరేవులోనూ తెరచాప ఓడలు కట్టిన వడ్రంగులకూ, బ్రిస్టల్‌లోనో గ్లాస్గోలోనో కట్టినవారికీ ఈ విషయంలో భేదాభిప్రాయం లేదు. నీటిమట్టానికి దిగువన ఓడకు చిల్లు ఉండకూడదు.

19వ శతాబ్దం నడిమిలో ఓడ నిర్మాతలు ఈ నియమాన్ని తామే పక్కన పెట్టారు. ఓడ వెనక భాగంలో, అంటే పాత తెలుగులో అమరం అనే చోట, చుక్కానికి ముందు, నీటిమట్టానికి బాగా దిగువన ఒక కన్నం తొలిచారు. అందులోంచి ఒక ఇనుప ఇరుసును బయటికి పంపి దాని కొసన ప్రొపెల్లర్ బిగించారు. ఆ ఇరుసు నిలకడగా ఉండేదైతే చుట్టూ సీసం పోసి సందు మూసేయవచ్చు. కానీ అది రాత్రింబవళ్ళు తిరగాలి. గట్టిగా బిగిస్తే రాపిడికి కాలిపోతుంది, వదులు చేస్తే సముద్రం లోపలికి వస్తుంది. దాదాపు రెండు వందల ఏళ్ళుగా నౌకా యంత్రశాస్త్రం ఈ రెంటి మధ్యే దారి వెతుకుతోంది. ఆ వెతుకులాటలో కారడం ఆగిపోయిన సందర్భాలు తక్కువ. ఎక్కువసార్లు మారింది ఏది ఎటు కారుతుందన్నదే. ఈ చిన్న సంగతిని పట్టుకుని వెళితే ఓడ చరిత్రలో పెద్ద సంగతులే కనిపిస్తాయి.

తెడ్డు చక్రం నుంచి మరసీలకు

తొలి ఆవిరి ఓడలకు ఈ చిక్కు లేదు. వాటి తెడ్డు చక్రాలు ఓడకు రెండు పక్కలా ఉండేవి, వాటి ఇరుసు నీటిమట్టానికి పైనే ఓడను దాటేది. 1836లో లండన్‌లో రెండు నెలల వ్యవధిలో ఇద్దరు ప్రొపెల్లర్‌కు పేటెంట్లు తీసుకున్నారు. మే 31న తీసుకున్న ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్ ఆంగ్లేయుడు, జులైలో తీసుకున్న జాన్ ఎరిక్‌సన్ స్వీడన్ దేశస్థుడు. స్మిత్ పద్ధతిలో కట్టిన ఆర్కిమిడీస్ ఓడ మరికొన్నేళ్ళకు బ్రిటన్ తీరమంతా తిరిగి తన శక్తిని ప్రదర్శించింది. దాన్ని చూసి బ్రూనెల్ తాను కడుతున్న గ్రేట్ బ్రిటన్ నమూనాను మార్చి ప్రొపెల్లర్ పెట్టాడు. 1843లో జలప్రవేశం చేసిన ఆ ఇనుప ఓడ ఇప్పుడు బ్రిస్టల్ డ్రైడాక్‌లో మ్యూజియంగా ఉంది. 1845లో బ్రిటిష్ నౌకాదళం రాట్లర్ అనే ప్రొపెల్లర్ ఓడనూ అలెక్టో అనే తెడ్డు చక్రాల ఓడనూ వెనకలు కలిపి కట్టి ఎదురెదురుగా లాగించింది. రాట్లర్ అలెక్టోను వెనక్కి ఈడ్చుకుపోయింది.

ఈ విజయగాథ చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. దాని వెంట వచ్చిన తలనొప్పి గురించి చెప్పేవి తక్కువ. ఒక మీటరు లోతున రెండున్నర సెంటీమీటర్ల వెడల్పు కన్నం ఉంటే నిమిషానికి సుమారు 80 లీటర్లు, అంటే నాలుగైదు బిందెల నీరు లోపలికి వస్తుంది. పెద్ద ఓడ ఇరుసు అడుగుకు పైగా మందం, అది ఉండేది ఏ ఐదారు మీటర్ల లోతునో. దాని చుట్టూ వేలెడు సందు మిగిలినా పంపులు తోడి తీర్చలేని వరద అవుతుంది.

సందు మూయడానికి వారు ఎంచుకున్న సాధనం కొత్తది కాదు. 1675లో శామ్యూల్ మోర్లండ్ నీటి పంపుకు పేటెంట్ తీసుకున్నప్పుడే కదిలే కడ్డీ చుట్టూ మెత్తని పదార్థం కూరి బిగించే పద్ధతి ఉంది. ఆవిరి యంత్రాలు వచ్చాక పిస్టన్ కడ్డీ దగ్గరా అదే వాడారు. స్టఫింగ్ బాక్స్ అనే ఈ అమరిక చూడడానికి చాలా సాదా. ఇరుసు చుట్టూ ఒక గుండ్రని అర ఉంటుంది. అందులో జనుము నారనో అవిసె నారనో తాడుగా పేని, పశువుల కొవ్వులో నానబెట్టి, చుట్లుచుట్లుగా కూరుతారు. పైన గ్లాండ్ అనే కంచు గొట్టాన్ని పెట్టి మరలతో లోపలికి నొక్కుతారు. నొక్కిన కొద్దీ తాడు ఉబ్బి ఇరుసును కావలించుకుంటుంది. కొవ్వు కందెనగా పనిచేస్తుంది. తాడు అరిగితే మరలు ఇంకాస్త బిగిస్తారు. పూర్తిగా అరిగితే తీసి కొత్తది కూరుతారు.

ఇందులో ఒక మెలిక ఉంది. బొట్టు కూడా రానంతగా బిగిస్తే తాడు ఎండి, కాలి, ఇరుసునే గాడి పడేలా కోస్తుంది. అందుకే కొద్దిగా కారనివ్వాలి. చిన్న పడవల్లో ఇరుసు తిరుగుతున్నప్పుడు నిమిషానికి రెండు మూడు బొట్లు, ఆగినప్పుడు ఏమీ లేకపోవడం సరైన కొలతగా ఇప్పటికీ చెబుతారు. ఆ లెక్కన రోజంతా నడిచినా లోపల చేరేది ఒక గ్లాసుడు నీళ్ళు. శత్రువు అనుకున్న నీరే ఇక్కడ చల్లదనమూ కందెనా అయింది.

ఒక చెక్క ముక్క చేసిన ఉపకారం

స్టఫింగ్ బాక్స్ నీటిని ఆపుతుంది కానీ ఇరుసు బరువును మోయదు. కన్నం పొడవునా అమర్చిన స్టెర్న్ ట్యూబ్ అనే గొట్టంలో బేరింగులు ఆ బరువును మోయాలి. మొదట్లో వాటిని ఇత్తడితో చేశారు. ఉప్పునీటిలో లోహం మీద లోహం రాసుకుని అవి విపరీతమైన వేగంతో అరిగాయి. బేరింగు అరిగితే ఇరుసు కుంగుతుంది, కుంగితే ఊగుతుంది, ఊగితే స్టఫింగ్ బాక్స్‌లోని తాడు ఒకవైపు నలిగి నీరు ధారకడుతుంది. ప్రొపెల్లర్ గెలిచిన పదేళ్ళకే, దూరప్రయాణానికి అది పనికొస్తుందా అన్న సందేహం పుట్టింది.

దానికి జవాబు 1854లో వచ్చింది. గ్రీనిచ్‌లో నౌకా యంత్రాలు చేసే జాన్ పెన్, పెటిట్ స్మిత్ తోడ్పాటుతో ప్రయోగాలు చేసి, బేరింగుకు ఇత్తడి బదులు లిగ్నమ్ వైటీ అనే చెక్క పట్టీలు వాడవచ్చని పేటెంట్ తీసుకున్నాడు. 1856లో మెకానికల్ ఇంజనీర్ల సంస్థ ముందు ఈ విషయం మీద పత్రం చదివాడు. కరీబియన్ దీవుల్లోనూ దక్షిణ అమెరికా ఉత్తర తీరాల్లోనూ పెరిగే ఈ చెట్టు చెక్క నీటిలో మునిగేటంత బరువు. దాని లోపల సహజంగా ఉండే జిగురు కందెనలా పనిచేస్తుంది. పట్టీల మధ్య సన్నని కాలువలు వదిలితే సముద్రపు నీరే వాటిలో ప్రవహించి బేరింగును చల్లబరుస్తుంది. ఇత్తడి తట్టుకోలేని ఒత్తిడిని ఈ చెక్క తట్టుకుంది.

తరువాతి వందేళ్ళు సముద్ర వర్తకమంతా ఈ చెక్క మీదే తిరిగిందంటే అతిశయోక్తి కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలపు అమెరికన్ జలాంతర్గామి పంపానిటో ఇప్పుడు శాన్‌ఫ్రాన్సిస్కో రేవులో మ్యూజియంగా ఉంది. దాని ఇరుసులను బయటవైపు మోసినవీ ఈ చెక్క బేరింగులే. డిమాండు చెట్టుకు చేటు తెచ్చింది. ఇప్పుడు ఆ చెట్టు ప్రజాతి మొత్తం అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ పట్టికలో ఉంది.

సొరంగంలో మనుషులు

ఆవిరి ఓడలో ఇంజను చాలావరకు నడిమిన ఉండేది. అక్కడి నుంచి అమరం దాకా ఇరుసు ఓడ అడుగున ఒక సన్నని ఇనుప సొరంగంలో సాగేది. దానికి ఇంజను గది వైపు నీరు చొరని తలుపు ఉండేది. సొరంగం చివర, గోడకు అవతల సముద్రం ఉన్నచోట, స్టఫింగ్ బాక్స్. బ్రిటిష్ ఓడల్లో పనిచేసిన భారతీయ ఇంజను సిబ్బందిలో సారంగు, టిండాల్, ఆగ్‌వాలాలతో పాటు తేల్‌వాలా ఉండేవాడు. చమురు డబ్బా పట్టుకుని బేరింగులను చేత్తో తాకి వేడి చూడడం అతని పని. గ్లాండ్ దగ్గర నీరు ఎంత కారుతోందో కనిపెట్టడానికీ వంతులవారీగా ఎవరో ఒకరు ఆ సొరంగం చివరిదాకా నడవవలసిందే.

కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్నం రేవుల నుంచి రంగూన్‌కు వలసవెళ్ళిన వేలాది తెలుగు కూలీలు డెక్కు మీద చోటు వెతుక్కుని ప్రయాణించిన స్టీమర్లూ ఈ తరహావే. వారి వలసచరిత్రలో మేస్త్రీలు, టిక్కెట్టు బాకీలు, తుఫానులు కనిపిస్తాయి. వారు పడుకున్న చెక్కల కింద ఇరుసు చుట్టూ కూరిన కొవ్వుతాడు ఏ చరిత్రలోనూ కనిపించదు. అయినా బంగాళాఖాతం దాటిన ప్రతిసారీ వారి ప్రాణాలు ఆ తాడు మీదా, దాన్ని చూసుకున్న మనిషి శ్రద్ధ మీదా కూడా ఆధారపడ్డాయి.

తేలుతూనే బాగుచేయడం

స్టఫింగ్ బాక్స్‌కున్న గొప్ప గుణం, ఓడ నీటిలో ఉండగానే దాన్ని బాగుచేసుకోవచ్చు. పని ఇలా సాగుతుంది. యంత్రం ఆపుతారు. కొత్త తాడును అదే మందమున్న కడ్డీ చుట్టూ చుట్టి, ఏటవాలుగా కోసి, చుట్లు ముందే సిద్ధం చేసుకుంటారు. బిల్జ్ పంపు పనిచేస్తోందో లేదో చూసుకుంటారు. గ్లాండ్ వదులు చేసి వెనక్కి జరిపి, మరమేకు కొసలాంటి కొక్కెంతో పాత తాడును ఒక్కొక్క చుట్టూ లాగుతారు. చివరి చుట్టు రాగానే నీరు చిమ్ముతుంది. బేరింగు బాగా ఉంటే సందు సన్నం కాబట్టి అది భయపెట్టేంత ధార కాదు. అయినా చేతులు తొందరపడకూడదు. పాత ముక్క ఒక్కటి లోపల మిగిలినా కొత్త తాడు సరిగా కూర్చోదు. కొత్త చుట్లను వాటి అతుకులు ఒకదాని వెనక ఒకటి రాకుండా తిప్పి అమరుస్తారు. అతుకులన్నీ ఒకే వరసలో ఉంటే నీటికి దారి దొరుకుతుంది. గ్లాండ్‌ను రెండువైపులా సమంగా, మొదట చేతి బిగువుతోనే బిగిస్తారు. తరువాత ఇంజను నడిపి, గ్లాండ్ మీద చెయ్యి పెట్టి చూస్తారు. గోరువెచ్చగా ఉంటే సరి. చెయ్యి కాలితే బిగువు ఎక్కువైనట్టు. విశాఖ, కాకినాడ రేవుల్లోని మరబోట్లలో చాలావాటికి నేటికీ ఇదే పద్ధతి. తాడులో కొవ్వు స్థానంలో గ్రాఫైటో టెఫ్లానో చేరింది, అంతే.

బేరింగు మార్చాలన్నా, ఇరుసును బయటికి తీసి చూడాలన్నా ఇలా కుదరదు. ఇరుసుకు తొడిగిన కంచు కవచం అంచు దగ్గర ఉప్పునీరు తగిలితే కంచు, ఉక్కు రెండూ కలిసి బ్యాటరీలా పనిచేసి ఉక్కు తినుకుపోతుంది. అక్కడే ఇరుసులు విరిగేవి. డ్రైడాక్ అందుబాటులో లేని రేవుల్లో వెనకటి ఇంజనీర్లు ఒక ఉపాయం చేసేవారు. సరుకునూ బొగ్గునూ ముందుకు జరిపి, ముందు తొట్లలో నీరు నింపి, ఓడ ముక్కును కిందికి వంచేవారు. అప్పుడు అమరం లేచి, ప్రొపెల్లర్ కన్నం నీటి పైకి తేలేది. ఓడను ఒడ్డుకెక్కించకుండా, దాని బరువుతోనే దాన్ని తూకం వేసి ఇరుసును లోపలికి లాగేవారు. గాలి, అల లేని రోజు చూసుకుని చేసే సాహసమది.

1941, క్వాంటన్ సముద్రం

ఈ సీలు తెగితే ఏమవుతుందో చూపిన పెద్ద ఉదాహరణ మలయా తూర్పుతీరాన జరిగింది. 1941 డిసెంబర్ 10న జపాన్ విమానాలు క్వాంటన్ సమీపంలో బ్రిటిష్ యుద్ధనౌకలు ప్రిన్స్ ఆఫ్ వేల్స్, రిపల్స్‌లను ముంచాయి. ప్రిన్స్ ఆఫ్ వేల్స్ ఆ ఏడాదే సేవలో చేరిన నౌక. ఒక టార్పెడో ఎడమవైపు వెనక, బయటి ఇరుసు దగ్గర తగిలింది. వంగిన ఇరుసు వేగంగా తిరుగుతూ, అది దాటిపోయే ప్రతి గోడ దగ్గరి గ్లాండ్‌నూ చీల్చుకుంటూ పోయింది. నీరు చొరకూడదని కట్టిన సొరంగమే నీటికి దారి అయి, ఇంజను గది దాకా వరదను తెచ్చింది. కొద్ది నిమిషాల్లోనే రెండు వేల టన్నులకు పైగా నీరు చేరింది. ఓడ పక్కకు ఒరిగింది. వెనక భాగంలో విద్యుత్తు పోయి విమానాల మీద కాల్చే తుపాకులు, పంపులు చాలావరకు మూగబోయాయి. తరువాత మరికొన్ని టార్పెడోలు తగిలాయి. కానీ ఓడ తేరుకోలేని స్థితికి చేరింది ఆ మొదటి దెబ్బతోనే. రెండు నౌకల్లో కలిపి 840 మంది చనిపోయారు. రెండు నెలలకు సింగపూరు లొంగిపోయింది.

అడుగుకు పైగా మందం కవచాన్ని లెక్కగట్టి కట్టిన నౌకకు ఇరుసు కన్నం బలహీనమైన చోటు అయింది. టార్పెడో నిర్మాతలకూ నౌకా రూపకర్తలకూ ఇది గుణపాఠమైంది.

కారుడు దిశ మారింది

యుద్ధానంతరం వర్తక నౌకలు పెరిగాయి, ఇరుసులు లావెక్కాయి. చెక్క బేరింగు అరుగుదల, ఉప్పునీటి తుప్పు యజమానులకు భారమయ్యాయి. దీనికి పరిష్కారంగా స్టెర్న్ ట్యూబ్‌ను నూనెతో నింపడం అంతటా వ్యాపించింది. చెక్క స్థానంలో వైట్ మెటల్ అనే మెత్తని మిశ్రమ లోహం వచ్చింది. రెండు కొసలా రబ్బరు పెదవులున్న సీళ్ళు ఇరుసును పట్టుకుంటాయి. హాంబర్గ్‌లో రూపొందిన సింప్లెక్స్ సీలు వీటిలో ప్రసిద్ధం. ఇరుసుకు ఉప్పునీరు తగలదు, బేరింగు దాదాపు అరగదు, సొరంగం పొడిగా ఉంటుంది. ఇంజనీరుకు ఇంతకంటే ఏం కావాలి?

అయితే సముద్రపు నీరు లోపలికి రాకూడదంటే నూనె ఒత్తిడి నీటి ఒత్తిడి కంటే కొంచెం ఎక్కువగా ఉండాలి. అంటే సీలు అరిగినా, చేపల వల తీగ చుట్టుకుని రబ్బరును కోసినా, బయటికి పోయేది నూనె. స్టఫింగ్ బాక్స్ కాలంలో కారుడు ఓడలోకి. దాని బాధ ఓడవాడిది, అందుకే కళ్ళలో వత్తులు వేసుకుని చూసేవాడు. నూనె కాలంలో కారుడు సముద్రంలోకి. ఓడవాడికి కనిపించేది తొట్టిలో కాస్త తగ్గిన మట్టం మాత్రమే. ఇంకో డబ్బా నూనె పోస్తే సరిపోతుంది. చాలా ఏళ్ళు దాన్ని ఖర్చు పద్దులో మామూలు వాడకంగానే రాశారు.

2010లో డాగ్మార్ ష్మిట్ ఎట్కిన్ ఈ వాడకాన్ని లెక్కగట్టే ప్రయత్నం చేశారు. ప్రపంచ రేవుల్లో ఏటా స్టెర్న్ ట్యూబుల నుంచి 46 లక్షల నుంచి 2 కోట్ల 86 లక్షల లీటర్ల వరకు నూనె కారుతోందని ఆమె అంచనా. ఓడల మీది ఇతర యంత్రాల నుంచి మరో 3 కోట్ల 23 లక్షల లీటర్లు. 1989లో అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ చిందించిన ముడిచమురు సుమారు 4 కోట్ల లీటర్లు. దానికి కోర్టులు, చట్టాలు, దశాబ్దాల చర్చ వచ్చాయి. దాంతో తూగే నూనె ఏటా బొట్టుబొట్టుగా రేవుల్లో కలుస్తుంటే ఎవరికీ పట్టలేదు.

తిరిగి నీటికి

మలుపు అమెరికా నుంచి వచ్చింది. 2013 డిసెంబర్ 19 నుంచి అమల్లోకి వచ్చిన అక్కడి నౌకా అనుమతి నిబంధనల ప్రకారం, 79 అడుగులు, అంతకు మించిన వాణిజ్య నౌకలు, నూనె సముద్రాన్ని తాకే చోటల్లా, సాంకేతికంగా అసాధ్యమైతే తప్ప, ప్రకృతిలో తేలికగా కరిగిపోయే కందెనలే వాడాలి. అవి ఖరీదైనవి. పైగా కొన్ని రకాల రబ్బరు సీళ్ళకు పడవు. దాంతో కొందరు యజమానులు పాత ప్రశ్నను మళ్ళీ వేసుకున్నారు: అసలు నూనె ఎందుకు?

నీటితో నడిచే బేరింగులు నిజానికి ఎన్నడూ పూర్తిగా పోలేదు. 1920లలో కాలిఫోర్నియాలో గనుల ఇంజనీరు ఛార్లెస్ షెర్వుడ్, ఇసుక నీటికి పంపు బేరింగులు అరిగిపోతుంటే రబ్బరు పెట్టి చూసి, అది లోహం కంటే ఎక్కువ మన్నడం గమనించాడు. ఇసుక రేణువు మెత్తని రబ్బరులో దిగి, దొర్లి, కాలువలోకి పోతుంది. ఆ సూత్రం మీద చేసిన బేరింగులు చిన్న పడవలకు, నౌకాదళాలకు చేరాయి. ఇప్పుడు గట్టి ప్లాస్టిక్ లాంటి పాలిమర్ పట్టీలు పెద్ద నౌకల్లోనూ వస్తున్నాయి. సముద్రపు నీటిని వడకట్టి, పంపుతో స్టెర్న్ ట్యూబ్‌లోకి పంపి, మళ్ళీ సముద్రంలోకే వదులుతారు. జాన్ పెన్ చెక్కకు ఇది నేరుగా వారసురాలు.

నూనె సీళ్ళున్న నౌకలకూ తేలుతూ బాగుచేసే కళ కొత్త రూపంలో తిరిగి వచ్చింది. గజఈతగాళ్ళు అమరం చుట్టూ గాలి నింపిన గదిలాంటి తొడుగు బిగించి, నీటి అడుగునే పొడిచోటు చేసుకుంటారు. ఇరుసును తీసే పని లేకుండా, రబ్బరు ఉంగరాన్ని ఒకచోట కోసి ఇరుసు చుట్టూ తొడిగి, వేడితో అతుకుతారు. చిన్న పడవలకు మరో వెసులుబాటు ఉంది. కొన్ని సీళ్ళలో అదనపు ఉంగరాన్ని ముందే ఇరుసు మీద తొడిగి ఉంచుతారు. పాతది పోతే కోసి పారేసి, కొత్తదాన్ని జరిపితే చాలు. బొట్టు రానివ్వని బెలోస్ సీళ్ళూ ప్రసిద్ధమే. అయితే వాటిలో రబ్బరు గొట్టం ఒక్కటే సముద్రానికీ పడవకూ మధ్య గోడ. స్టఫింగ్ బాక్స్ పాడయ్యే ముందు ఎక్కువ బొట్లతో కబురు పెడుతుంది. గొట్టం చిరిగితే ఆ కబురు ఉండదు. అందుకే దాన్ని బాగున్నప్పుడే, గడువు చూసి మార్చాలి.

ఇరుసు తిరిగినంత కాలం ఎంతో కొంత కారుతుంది. మనిషి ఎంచుకోగలిగింది ఎంత, ఏది, ఎటు అన్నవి మాత్రమే. పాత స్టఫింగ్ బాక్స్ పెట్టిన ఏర్పాటులో నష్టం, దాన్ని ఆపగల మనిషి ఒకేచోట ఉండేవారు. నీరు అతని పాదాల దగ్గరే చేరేది. నూనె సీలు వారిద్దరినీ విడదీసింది, అరవై ఏళ్ళపాటు ఆ నష్టానికి లెక్క లేకుండా పోయింది. చట్టం చేసిన పని ఆ లెక్కను తిరిగి ఓడవాడి పద్దులో రాయడమే. సొరంగం చివర దీపం పట్టుకుని నిలబడి, నిమిషానికి ఎన్ని బొట్లో లెక్కపెట్టిన వెనకటి మనిషి చేసిందీ ఆ లెక్కే.